వెనక్కి నడిపిన అద్దం

ఆవిడకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది. యూనివర్సిటీ గుర్తింపు కార్డు మీద అది కనిపిస్తుంది కూడా. కానీ ఇంటా బయటా ఆవిడ బొంగరమే. ఆ పేరు పెట్టింది కన్నతల్లి. పాలు తాగుతూ కూడా కాళ్ళు తన్నుకునే పిల్లని ఎత్తుకుని తిరగలేక, తలప్రాణం తోకకొచ్చి, "ఇది పిల్ల కాదు, బొంగరం" అందట. అత్తారింటికి ఆ పేరు ఆవిడకంటే ముందే చేరింది. కొత్త కోడలు ఒక్కసారి కాఫీ కలిపిందంటే ఇల్లంతా ఎక్కడ పడితే అక్కడ చెంచాలు దొరికేవి. కూర్చున్న మనిషి ఉన్నట్టుండి లేచేది, ఎందుకు లేచిందో మరిచిపోయేది, లేచాను కదా అని కిటికీ తుడిచి వచ్చేది.

అంత తొందర మనిషి ఏదైనా పూర్తి చేస్తుందా అంటే, చెయ్యదు. ఉన్నమాట చెప్పుకోవాలి. కుట్టుపని నేర్చుకుంటానని మిషను కొనిపించింది. మొగుడి చొక్కాకి ఒక చెయ్యి కుట్టి, రెండో చెయ్యి దగ్గర లేచిపోయింది. గిటారు పట్టింది, వేళ్ళు నొప్పెట్టి మానేసింది, నొప్పి తగ్గాక మళ్ళీ పట్టనూ లేదు. లా చదువుతానని బండెడు పుస్తకాలు తెచ్చింది. బళ్ళో సైన్సు టీచరు ఉద్యోగం మాత్రం కొన్నేళ్ళు చేసింది గానీ, ఏటా అదే పాఠం, అదే పేజీలో అదే బొమ్మ, అదే చోట పిల్లల ఆవులింత. ఒకరోజు సుద్దముక్క బల్ల మీద పెట్టి వచ్చేసింది. వదిలేసినవన్నీ అటకెక్కాయి. కుట్టు మిషను, దాని మీద గిటారు, పక్కన లా పుస్తకాలు, వాటి వెనక బడి రోజుల ప్లాస్టిక్ అస్థిపంజరం. అటక దులిపినప్పుడల్లా అత్తగారు ముందు ఆ అస్థిపంజరాన్ని చూసి జడుసుకునేది, ఆ తర్వాత కోడల్ని తిట్టేది.

అత్తగారు కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైంది. సర్వీసంతా ఒకే గది, ఒకే కిటికీ పక్కన. కుర్చీలు మారాయి గానీ ఆవిడ మారలేదు. తీర్పు కాగితం ఆఖరి వరుసలో ఒక్క అక్షరం తప్పు పడినా చర్రున లాగేసి, కొత్త కాగితం ఎక్కించి, జడ్జిగారితో సహా అందరినీ తిట్టుకుంటూ మొదటినుంచి కొట్టేదట. అలాంటి మనిషికి ఇలాంటి కోడలు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఎలా బతికారంటే, మధ్యలో ఒక మెత్తటి మనిషి ఉన్నాడు కనుక. బొంగరం భర్త బోర్డులు రాసే పెయింటరు. దుకాణాలకీ, ఆఫీసులకీ, వాళ్ళకీ వీళ్ళకీ పేర్లు రాస్తాడు. ఇంట్లో గొడవైతే బ్రష్షు పట్టుకుని ఒక పెద్ద అక్షరంలోకి దూరిపోతాడు, అయిపోయాకగానీ బయటికి రాడు.

టీచరు ఉద్యోగం వదిలేసిన ఏడాదే బొంగరం యూనివర్సిటీలో లేజర్ గదిని చూసింది. ఆ రోజు ఎవరైనా వచ్చి చూడొచ్చని తలుపులు తీసిపెట్టారు. ఆ గదికి పెద్ద ఒక మేడమ్, వయసులో బొంగరం కంటే చిన్నదే. వచ్చినవాళ్ళకి ఓపిగ్గా చెబుతోంది. కలరా ఉండలు తెలుసు కదా, బట్టల పెట్టెలో వేస్తాం. అవి వలయాలున్న అణువులతో తయారవుతాయి. అలాంటి అణువు మీద ఒక మెరుపు వేస్తే అది ఉద్రేకపడుతుంది. మళ్ళీ కుదుటపడే లోపల ఏమేం చేస్తుందో చూడాలంటే రెప్పపాటు చాలా పెద్దది. అందుకని ఇంకో మెరుపు వెనకే పంపిస్తాం, ఎలా ఉన్నావని అడగడానికి. ఆ రెండో మెరుపు దారిలో ఒక అద్దం, రైలు పట్టాలాంటి సన్నటి పట్టా మీద జరుగుతుంది. అద్దాన్ని వెంట్రుక మందం దూరం జరిపితే, వెలుతురు పోయి రావడానికి పట్టే అదనపు సమయం సెకన్లో లక్షకోట్లవ వంతులో సగం.

బొంగరం నోరు తెరుచుకుని వింది. తనకంటే తొందరపడేవి ఈ లోకంలో ఉన్నాయని అప్పుడే తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆవిడ నిలబడ్డ చోటే అంతసేపు నిలబడిపోయింది. ఆ తర్వాత దరఖాస్తూ, పరీక్షా, ఇంటర్వ్యూ. తలలో నెరిసిన వెంట్రుకలతో పరిశోధక విద్యార్థి అయింది. "ఇదెన్నాళ్ళే?" అంది అత్తగారు, అటక వంక చూస్తూ.

ఆ గది చూడాలి. నల్ల తెరలు, గాలి నింపిన కాళ్ళ మీద తేలే ఇనప బల్ల, దాని మీద అద్దాలే అద్దాలు. చెప్పులు బయట విడవాలి, గట్టిగా మాట్లాడకూడదు. కొలత నడుస్తున్నంతసేపూ కదలకూడదు, కదిలితే గాలి కదులుతుంది, గాలి కదిలితే కాంతి వణుకుతుంది. బొంగరానికి ఇంతకంటే శిక్ష ఏముంటుంది! ఎత్తు స్టూలు మీద కూర్చుని, పాదాలు కింది అడ్డకమ్మీకి మెలేసి, వేళ్ళు ఒకదానితో ఒకటి కట్టేసుకునేది. అద్దం పట్టా చివరికి చేరగానే తలుపు తోసుకుని వరండాలోకి పడి అటూ ఇటూ తిరిగేది, కాలుగాలిన పిల్లిలాగా. ఆ వరండా ఊడ్చే ఆవిడ, "అమ్మా, మీవల్ల ఇక్కడ గచ్చు నున్నబడింది, నాకు పని తగ్గింది" అనేది.

ఆ గదికి కొన్ని పద్ధతులున్నాయి. మేడమ్ పెట్టినవి. కొలత ఎప్పుడూ దగ్గరనుంచి దూరానికే నడవాలి. అంటే అద్దం పట్టా మొదట్లో, రెండో మెరుపు వెంటనే అందే చోట మొదలై, అది ఆలస్యంగా అందే చివరికి పోవాలి. ప్రతి కొలతకీ గాజు డబ్బీలో కొత్త ద్రావణం పొయ్యాలి. ఒకసారి వెలుతురు తగిలిన ద్రావణాన్ని మళ్ళీ వాడితే మేడమ్ లెక్కలో అది ఎంగిలి. వాడింది వాడినట్టు పారబోత డబ్బాలోకి పోవాల్సిందే. ఎంత శుభ్రంగా పనిచేస్తే ఫలితం అంత శుభ్రంగా వస్తుందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని బొంగరం కూడా నెత్తిన పెట్టుకుంది.

ఫలితం రానే వచ్చింది. ఒకే వలయాల అణువుని రెండు ద్రవాల్లో కరిగించి చూశారు. పెట్రోలు వాసన కొట్టే హెక్సేన్‌లో ఒకటి, ఆల్కహాల్‌లో ఒకటి. హెక్సేన్‌లో అణువు మెరుపు తగలగానే కాస్త తడబడి, ఆ తర్వాత ఎంతసేపు చూసినా ఉద్రేకం దిగకుండా అలాగే కూర్చుంది. తెర మీద గీత చదునుగా వచ్చింది. ఆల్కహాల్‌లో మాత్రం గీత మెల్లగా కిందికి దిగింది. ఆల్కహాల్ అణువులు దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని, దాన్ని చల్లబరుస్తున్నాయన్నమాట. కొత్త ద్రావణం పోసి మళ్ళీ కొలిస్తే మళ్ళీ అదే వాలు. ఇంకోసారి కొలిచినా అచ్చు అదే. ఒక గీత మీద ఇంకో గీత పెడితే తేడా కనబడలేదు. మేడమ్ సంబరపడింది. ఒక పెద్ద సదస్సులో చెబితే వెనక వరసవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. బొంగరం థీసిస్‌కి ఆ వాలే వెన్నెముక అయింది.

థీసిస్ ఇవ్వాల్సిన గడువు ఈ వారాంతమే. అప్పటికే ఒకసారి పొడిగించారు. ఈసారి దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కావాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని, మళ్ళీ పరీక్ష రాసి, మళ్ళీ మొదటి మెట్టు ఎక్కాలి. ఇంట్లో భర్త ఆగలేకపోయాడు. మంచి చెక్క తెచ్చి, నీలం రంగు వేసి, తెల్లటి అక్షరాలతో భార్య పేరు రాశాడు, పేరుకి ముందు "డాక్టర్" అని కాస్త పెద్దగానే రాశాడు. "వీధిలోవాళ్ళంతా జ్వరాలకి మన గుమ్మం తొక్కుతారు చూడు" అని అత్తగారు వెక్కిరించింది గానీ, ఎవరూ లేనప్పుడు దాని మీద పడ్డ దుమ్ము కొంగుతో తుడిచింది. బొంగరం తలుపు సందులోంచి చూసింది.

ఆ వారంలోనే ఒక ఉదయం మేడమ్ ఏదో మీటింగుకి వెళ్ళింది. ఆల్కహాల్ గీత ఇంకొంచెం నున్నగా కావాలి, ఇంకొక్క కొలత తీసిపెట్టమని చెప్పింది. బొంగరం కొత్త ద్రావణం పోసింది. చూస్తే అద్దం నిన్నటి కొలత ముగిసిన చోట, పట్టా చివర ఉంది. దాన్ని మొదటికి రప్పించాలంటే అద్దాన్ని మోసే బండి కుయ్యోమంటూ, నత్తకి తమ్ముడిలా వస్తుంది. ఈవిడకి అంత ఓపికెక్కడిది? ఖాళీగా రావడమెందుకు, వచ్చేదేదో కొలుచుకుంటూ రావచ్చు కదా అనుకుంది. దూరంనుంచి దగ్గరికి కొలవమని కంప్యూటర్‌కి చెప్పి, స్టూలెక్కి పాదాలు మెలేసింది.

గీత కుడివైపునుంచి పుట్టుకొస్తోంది. సగానికి వచ్చేసరికి బొంగరం స్టూలు దిగిపోయింది. ఎడమనుంచి కుడికి చదివితే దిగాల్సిన గీత పైకి ఎక్కుతోంది. సమయం గడిచేకొద్దీ అణువు కుదుటపడాలి గానీ, ఇంకా ఇంకా ఉద్రేకపడటమేమిటి? నేనే కదిలి ఉంటాను, పాడు కాళ్ళు అనుకుంది. మళ్ళీ కొత్త ద్రావణం, మళ్ళీ దూరంనుంచి. ఈసారి స్టూలుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఊపిరి కూడా చూసి చూసి తీసుకుంది. గీత మళ్ళీ ఎక్కింది. హెక్సేన్ పోసి వెనక్కి నడిపింది. అది ఎప్పటిలాగే చదునుగా, ముందుకి నడిపినప్పటి గీత మీద బుద్ధిగా పడుకుంది. ఇంకోసారి ఆల్కహాల్ పోసి దగ్గరనుంచి దూరానికి నడిపింది, పాత వాలే వచ్చింది. ఆ ద్రావణాన్ని పారబొయ్యలేదు. మేడమ్ చూస్తే గుండాగి ఉండేది. ఆ ఎంగిలి ద్రావణంతోనే మళ్ళీ మొదటినుంచి కొలిచింది.

రెండో గీత, మొదటి గీత మొదలైన ఎత్తున మొదలవలేదు. మొదటిది దిగి ఆగిన చోట మొదలై ఇంకా కిందికి పోయింది.

అప్పుడర్థమైంది. ఆల్కహాల్ అణువుని చల్లబరచడం లేదు, ఏమీ లేదు. ఆల్కహాల్‌లో ఉన్నప్పుడు మెరుపు తగిలిన అణువుల్లో కొన్ని విరిగి ఇంకేదో అయిపోతున్నాయి. కొలత నడిచే కొద్దీ డబ్బీలో సరుకు తరిగిపోతోంది. సరుకు తరిగితే గీత దిగుతుంది. ఎప్పుడూ ఒకే దిక్కున కొలిచారు కనుక, ఆ తరుగుదల అణువు చల్లబడినట్టు కనిపించింది. ప్రతిసారీ కొత్త ద్రావణం పోశారు కనుక, ప్రతిసారీ ఒకేలా పాడై ఒకే వాలు ఇచ్చింది. ఇన్నాళ్ళూ వాళ్ళు అణువు లోపలి సమయాన్ని కొలవలేదు, గోడ మీది గడియారాన్ని కొలిచారు. శుభ్రమే కొంప ముంచింది.

బొంగరం వరండాలో పడింది. మెట్లు దిగింది, భవనం చుట్టూ తిరిగింది, సైకిళ్ళ షెడ్డు దాకా పోయి వెనక్కొచ్చింది. తిరిగితే కుదుటపడే మనిషికి ఈసారి ఎంత తిరిగినా కుదుటపడలేదు. చూసినవాళ్ళు ఎవరూ లేరు. వెనక్కి నడిపిన గీతలు చెరిపేస్తే ఆనవాలుండదు. చెరిపెయ్యనూవచ్చు, చెయ్యి వస్తుంది కూడా. ఆవిడని తినేస్తున్నది అది కాదు. ఇన్నేళ్ళూ పట్టినదల్లా వదిలేసిన మనిషి, ఇప్పుడు ఆఖరి మెట్టు మీద, తప్పు దొరికింది అంటే ఎవరు నమ్ముతారు? విసుగొచ్చిందనే అంటారు. అంతకంటే భయం ఏమిటంటే, వాళ్ళు అనేది నిజమేమో. తనకి దొరికింది నిజంగా తప్పేనా, పారిపోవడానికి సాకా? దొరికిన క్షణంలో గుండెలో రాయి పడింది, సరే. కానీ ఆ రాయి పక్కనే హమ్మయ్య అన్న చిన్న మాట కూడా వినపడింది కదా. ఆ మాట తనదే కదా. బొంగరానికి తన మీద తనకే అరికాలి మంట నెత్తికెక్కింది.

మధ్యాహ్నం మేడమ్ వచ్చాక బొంగరం గీతలన్నీ ఆవిడ ముందు పెట్టింది.

"మీరు కదిలారా?" అంది మేడమ్. అందరూ ముందు అడిగేది అదే.

"కదల్లేదు మేడమ్. మీరే ఒకసారి చూడండి."

మేడమ్ చేతులు కడుక్కుని, తన చేత్తో ద్రావణం కలిపి, తన చేత్తో పోసి, అద్దాన్ని దూరంనుంచి నడిపించింది. ఇద్దరూ తెర ముందు నిలబడ్డారు. గీత ఎక్కింది. మేడమ్ వెళ్ళి, బొంగరం రోజూ కూర్చునే స్టూలు మీద కూర్చుంది.

"రూలు పెట్టింది నేనే కదా" అంది.

"నేను కూడా నమ్మాను కదండీ."

"ఆ ఆల్కహాల్ అధ్యాయం తీసేసి ఇవ్వొచ్చు."

"తీసేస్తే ఏం మిగులుతుంది?"

"అందరూ ఇదివరకే చెప్పింది" అంది మేడమ్. బొంగరం మొహం వంక చూడకుండా, "ఉన్నది ఉన్నట్టు ఇచ్చేసి, డిగ్రీ వచ్చాక దిద్దుకోవచ్చు. చేసేవాళ్ళు చేస్తారు" అంది.

"మీరైతే ఏం చేస్తారు?"

"నాకు డిగ్రీ వచ్చేసిందండీ. నన్నడక్కండి. సదస్సువాళ్ళకి మాత్రం ఈ సాయంత్రమే రాస్తాను, నేను చెప్పింది తప్పని. అది నా గొడవ. థీసిస్ మీ పేరు మీద పోయేది."

అలా అనేసి పారబోత డబ్బా మూత తీసి, అందులోకి చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళ ద్రావణాలూ అందులోనే ఉన్నాయి. ఒక్కదాన్నయినా పారబొయ్యకుండా మళ్ళీ చూసి ఉంటే తెలిసిపోయేది. బొంగరానికి ఆ మనిషిని చూస్తే జాలేసింది. తన సంగతి తర్వాత గుర్తొచ్చింది.

ఇంటికి బస్సులో వెళ్ళలేదు, నడిచింది. దారంతా ఒక అడుగుకి ఇచ్చేద్దామనీ, ఇంకో అడుగుకి వద్దనీ. ఇచ్చేస్తే బోర్డు తలుపు మీదికి ఎక్కుతుంది. తను రోజూ ఆ తలుపు తీసుకుని లోపలికి పోవాలి. అది తలుచుకోగానే కాళ్ళు ఆగిపోయాయి. రోడ్డు మధ్యన నిలబడిందని ఎవరో స్కూటరాయన అరిచేదాకా అలాగే ఉంది. ఆపైన ఇంటిదాకా ఇంకేమీ ఆలోచించలేదు.

గుమ్మంలో భర్త స్టూలెక్కి సుత్తి పట్టుకుని ఉన్నాడు. బోర్డు ఎక్కడ పెడితే వీధిలోకి బాగా కనిపిస్తుందో పెన్సిలుతో గుర్తు పెడుతున్నాడు. అత్తగారు కింద నిలబడి, "ఇంకాస్త ఎడమకిరా, ఎడమకంటే అదికాదు" అంటోంది. బొంగరం చెప్పులు కూడా విడవకుండా అంతా చెప్పేసింది. అద్దం, ఆల్కహాల్, ఎంగిలి ద్రావణం, ఎక్కిన గీత. సగం వాళ్ళకి అర్థం కాలేదు. చివరిమాట అర్థమైంది.

"ఈ వారం ఇవ్వను. ఇవ్వలేను."

భర్త స్టూలు మీదే ఉండిపోయాడు. "ఎవరైనా చూశారా?" అన్నాడు, పాపం, సాయం చేద్దామనే.

"నేను చూశాను కదండీ."

"అనుకున్నాను" అంది అత్తగారు. "ఆఖరుదాకా వచ్చి, అనుకుంటూనే ఉన్నాను. రెండో చెయ్యి దగ్గర లేచిపోయే రకం. విసుగు పుట్టిందా?"

వేరే రోజయితే బొంగరం కస్సుమనేది. ఆ రోజు గడప మీద కూర్చుండిపోయింది.

"పుట్టింది అత్తయ్యా. ఎప్పుడో పుట్టింది. ఆ చీకటి గదంటే అరికాళ్ళు మండిపోతాయి. మళ్ళీ పరీక్ష రాయాలి, మళ్ళీ ఆ స్టూలెక్కాలి, అన్ని ద్రవాలూ రెండు దిక్కులా మళ్ళీ మొదటినుంచి కొలవాలి. తలుచుకుంటే ఏడుపొస్తోంది."

"అయితే మానేస్తున్నావు."

"మానెయ్యను. రేపు మళ్ళీ మొదలెడతాను."

అత్తగారు కోడలి వంక చూసింది. కోర్టు కాగితంలో తప్పు వెతికినట్టు పైనుంచి కిందిదాకా చూసింది.

"తిట్టుకుంటూనా?"

"తిట్టుకుంటూనే."

"ఊఁ" అంది అత్తగారు.

భర్త స్టూలు దిగాడు. బోర్డుని పాత దుప్పటిలో చుట్టాడు, అక్షరాలు గీసుకుపోకుండా. స్టూలుని గుమ్మంలోంచి ఎత్తి, వంటింటి ముందు అటక కింద పెట్టి మళ్ళీ ఎక్కాడు. గిటారుని పక్కకి జరుపుతుంటే తీగ ఒకటి మోగింది. బొంగరం తల తిప్పుకుంది.

"ఒరే, దిగు" అంది అత్తగారు.

"ఏంటమ్మా?"

"అక్కడ పెట్టకు. అక్కడున్నవన్నీ వదిలేసినవి."

భర్త దుప్పటి మూటతో దిగి నడిమధ్యలో నిలబడిపోయాడు. అత్తగారు వచ్చి దాన్ని అందుకుని, దుప్పటి విప్పి, తన గది తలుపు వెనక గొడుగు తగిలించే మేకు దగ్గరికి తీసుకెళ్ళింది. గొడుగు తీసి మంచం మీద పడేసి, అక్షరాలు గోడవైపుకి తిప్పి బోర్డుని అక్కడ తగిలించింది.